గడియారం ఆగేలోపు

హాకీలో ఆఖరి సెకన్ల గోల్ అంటే ఆట ముగింపు హూటర్ మోగడానికి కాస్త ముందు పడి, ఫలితాన్నే మార్చేసే గోల్. ఓడిపోతున్న జట్టును అది గట్టెక్కించవచ్చు, డ్రా అనుకున్న ఆటను గెలుపుగా తేల్చవచ్చు. క్రికెట్‌లో మిగిలిన బంతులను లెక్కపెడతారు. ఆఖరి బంతి వేసే ముందు ఫీల్డింగ్ సర్దుకోవచ్చు, బౌలర్‌తో మాట్లాడుకోవచ్చు. హాకీలో లెక్కపెట్టేది కాలాన్ని. బంతి ఆటలో ఉన్నంతసేపూ గడియారం నడుస్తూనే ఉంటుంది. అందుకే చివరి పది సెకన్లలో పడే గోల్ గెలిచినవారికీ ఓడినవారికీ ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది.

అలాంటి గోల్‌ను చాలామంది అదృష్టం ఖాతాలో వేస్తారు. అదృష్టానికీ అందులో వాటా ఉంది. కానీ ఆట నిబంధనలు, ఆటగాళ్ల అలసట, ఓడుతున్న జట్టు లెక్కగట్టి చేసే సాహసం, గెలుస్తున్న జట్టు వెనక్కి తగ్గడం ఇవన్నీ ఒకచోట కలిసినప్పుడే అది పడుతుంది. అమెరికా కాలేజీల ఐస్ హాకీలోనూ, భారత జట్టు ఆడే మైదానం హాకీలోనూ ఇందుకు ఉదాహరణలు ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్, చిత్తూరుల నుంచి దేశానికి ఆడిన తెలుగు క్రీడాకారులు కూడా అలాంటి ఆటల్లో భాగమయ్యారు.

రెండు హాకీలు, రెండు గడియారాలు

అండమాన్ నుంచి ఆదిలాబాద్ దాకా తెలుగువారు ఉండే ఊళ్లలో గడ్డకట్టిన చెరువు కనిపించదు. హాకీ అంటే మనకు పచ్చిక మీదో, ఇప్పుడైతే నీళ్లు చల్లిన కృత్రిమ టర్ఫ్ మీదో ఆడే ఆటే. భారతదేశంలో ఐస్ హాకీ లడఖ్, హిమాచల్‌లోని స్పితి వంటి మంచు ప్రాంతాల ఆట. కెనడా, అమెరికా, రష్యా, ఉత్తర ఐరోపా దేశాల్లో మాత్రం అది కోట్లాది మంది చూసే ఆట.

ఐస్ హాకీని రింక్ అనే మంచు మైదానం మీద స్కేట్లు కట్టుకుని ఆడతారు. ఉత్తర అమెరికాలో రింక్ పొడవు సాధారణంగా 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాని అడ్డుకొలత 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు సుమారు 170 గ్రాములు. గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. ఒక్కో జట్టులో గోల్ కీపర్‌తో కలిపి ఆరుగురు రింక్ మీద ఉంటారు. ఆటను 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆడతారు. రిఫరీ ఈల వేసిన ప్రతిసారీ గడియారం ఆగుతుంది, పక్ మళ్లీ ఆటలోకి వచ్చాకే కదులుతుంది. చివరి నిమిషంలో తెర మీద సెకనులో పదో వంతు కూడా కనిపిస్తుంది.

మైదానం హాకీలో ఒక్కో జట్టుకు 11 మంది. ఒకప్పుడు 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడేవారు. 2014 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పోటీల్లో 15 నిమిషాల నాలుగు క్వార్టర్ల పద్ధతి మొదలైంది. గోల్ పడ్డాక, గోల్ ముంగిట రక్షకులు చేసిన తప్పుకు దాడి జట్టుకు పెనాల్టీ కార్నర్ అనే అవకాశం ఇచ్చాక గడియారాన్ని ఆపుతారు.

ఈ రెండు ఆటల మధ్య ఆఖరి సెకన్లకు సంబంధించి ఒక పెద్ద తేడా ఉంది. ఐస్ హాకీలో గడియారం సున్నాకు చేరేలోపు పక్ మొత్తంగా గోల్ గీత దాటాలి. గీత మీద ఉండగా కాలం అయిపోతే గోల్ కాదు. మైదానం హాకీలో సమయం ముగిసేలోపు పెనాల్టీ కార్నర్ లభిస్తే, హూటర్ మోగాక కూడా దాన్ని పూర్తిగా ఆడనిస్తారు. ఆ కార్నర్ ఆడుతుండగా రక్షకులు మళ్లీ తప్పు చేస్తే ఇంకో కార్నర్ వస్తుంది. అంటే గడియారంలో సున్నా కనిపిస్తున్నా ఆట ఇంకా బతికే ఉండవచ్చు. భారత హాకీ అభిమానులు ఎన్నోసార్లు ఊపిరి బిగబట్టి చూసింది ఇలాంటి కార్నర్లనే.

ఆఖర్లోనే ఎందుకు

మొదటి కారణం అలసట. ఐస్ హాకీ ఆటగాళ్లు పూర్తి వేగంతో స్కేటింగ్ చేస్తారు కాబట్టి నిమిషంలోపే వంతు ముగించుకుని బెంచీకి వెళ్తారు, వేరేవాళ్లు వస్తారు. చివరి నిమిషాల్లో ఆధిక్యంలో ఉన్న జట్టు తన ముంగిట్లోనే చిక్కుకుపోతే ఈ మార్పిడికి వీలుండదు. అప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, కర్ర ఆలస్యంగా కదులుతుంది, ఎదుటివాడిని అడ్డుకోవలసిన చోటికి అడుగు దూరంలో ఆగిపోతారు. మైదానం హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కానీ, గంటసేపు వంగి పరుగెత్తిన డిఫెండర్ చివరి క్షణంలో బంతికి కర్ర బదులు కాలు అడ్డం పెడితే పెనాల్టీ కార్నర్ ఇచ్చేసినట్టే.

రెండో కారణం మనసుకు సంబంధించినది. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్న జట్టు ఆ గోల్‌ను కాపాడుకోవాలని చూస్తుంది. ఫార్వర్డ్‌లు కూడా వెనక్కి వస్తారు. బంతి చేతికొస్తే పాస్ ఇవ్వకుండా దూరంగా కొట్టేస్తారు. అలా కొట్టిన ప్రతి బంతీ ఎదుటి జట్టుకే చేరి, మరో దాడిగా తిరిగి వస్తుంది. రక్షణలో మనుషులు పెరిగినకొద్దీ గోల్ కీపర్‌కు ముందున్న దృశ్యం కనిపించకుండా పోతుంది. సొంత డిఫెండర్ కాలికో కర్రకో తగిలి దారి మళ్లిన షాట్లు చివరి నిమిషాల్లో అందుకే ఎక్కువ చూస్తాం.

మూడో కారణం ఓడుతున్న జట్టు వేసే లెక్క. ఒక గోల్ తేడాతో ఓడినా, మూడు గోల్స్ తేడాతో ఓడినా నాకౌట్ ఆటలో ఫలితం ఒక్కటే. ఇంకో గోల్ పోయినా ఆ జట్టుకు కొత్తగా పోయేది లేదు. ఒక గోల్ వస్తే అంతా తిరిగొస్తుంది. కాబట్టి మామూలు సమయంలో పిచ్చితనం అనిపించే ఎత్తుగడ కూడా చివర్లో సరైనదవుతుంది. ఐస్ హాకీలో గోల్ కీపర్‌ను బయటికి పిలవడం అలాంటిదే.

గోల్ ఖాళీగా వదిలే సాహసం

ఐస్ హాకీలో వెనుకబడిన జట్టు కోచ్ ఆట చివర్లో గోల్ కీపర్‌ను బెంచీకి రమ్మని, అతని బదులు మరో దాడి ఆటగాడిని దింపుతాడు. ఎదుటివాళ్లు ఐదుగురు ఆటగాళ్లతో ఉంటే వీళ్లకు ఆరుగురు ఉంటారు. వీళ్ల గోల్ మాత్రం బార్లా తెరిచి ఉంటుంది.

ఈ ఎత్తుగడను పెద్ద వేదిక మీదికి తెచ్చిన పేరు బోస్టన్ బ్రూయిన్స్ జట్టు కోచ్ ఆర్ట్ రాస్‌ది. 1931 మార్చి 26న మాంట్రియల్ కెనడియన్స్‌తో జరిగిన ప్లేఆఫ్ ఆటలో ఒక గోల్ వెనుకబడి ఉండగా ఆయన గోల్ కీపర్ టైనీ థాంప్సన్‌ను బయటికి పిలిచాడు. ఆ రోజు గోల్ పడలేదు, బోస్టన్ 0-1తో ఓడింది. కానీ ఆ ఆలోచన నిలిచిపోయింది. ఈనాడు ఏ స్థాయి ఐస్ హాకీలోనైనా వెనుకబడిన జట్టు చివరి నిమిషాల్లో గోల్ ఖాళీ చేయడం మామూలే.

ఎంత ముందుగా ఖాళీ చేయాలన్నది చాలాకాలం అలవాటు మీదే నడిచింది. ఆఖరి నిమిషమో, నిమిషంన్నరో మిగిలినప్పుడు పిలిచేవారు. ఆర్థిక రంగానికి చెందిన క్లిఫర్డ్ ఆస్‌నెస్, ఆరన్ బ్రౌన్ 2018లో దీన్ని సంభావ్యత లెక్కలతో పరిశీలించారు. ఒక గోల్ వెనుకబడిన జట్టు దాదాపు 6 నిమిషాలు మిగిలి ఉండగానే, రెండు గోల్స్ వెనుకబడితే 13 నిమిషాల ముందే కీపర్‌ను పిలవాలని వాళ్ల లెక్క తేల్చింది. కోచ్‌లు అంత తొందరగా పిలవకపోవడానికి కారణం కూడా వాళ్లు చెప్పారు. ఖాళీ గోల్‌లో పక్ పడితే జనం కోచ్‌ను తప్పుపడతారు. అలవాటు ప్రకారం నడిచి ఓడితే ఎవరూ ఏమీ అనరు. ఇటీవలి సంవత్సరాల్లో కోచ్‌లు మునుపటికన్నా ముందే కీపర్‌ను పిలుస్తున్నారు.

ఆధిక్యంలో ఉన్న జట్టుకు ఖాళీ గోల్ చేతికందిన పండులా కనిపిస్తుంది గానీ, ఇక్కడ ఇంకో నిబంధన అడ్డొస్తుంది. సగం గీతకు తమ గోల్ వైపు నుంచి పక్‌ను విసిరితే, అది గోల్ తప్పి చివరి గీత దాటితే దాన్ని ఐసింగ్ అంటారు. అప్పుడు ఆట మళ్లీ విసిరిన జట్టు గోల్ దగ్గరే మొదలవుతుంది, పైగా ఆ జట్టు ఆటగాళ్లను మార్చుకోవడానికి వీల్లేదు. ఒక్క తొందరపాటు షాట్‌తో అలసిపోయిన ఐదుగురు, తాజాగా వచ్చిన ఆరుగురిని తమ ముంగిట్లోనే ఎదుర్కోవలసి వస్తుంది. ఆఖరి నిమిషంలో సమం చేసే గోల్స్ చాలావరకు ఈ పరిస్థితిలోంచే పుడతాయి.

మైదానం హాకీలో కూడా గోల్ కీపర్‌ను తీసేసి అదనపు ఫీల్డ్ ఆటగాణ్ని దింపవచ్చు. 2019కి ముందు అలా వచ్చినవాళ్లలో ఒకరికి కీపర్ హక్కులు ఉండే వీలుండేది. ఆ తర్వాత ఆ వెసులుబాటు పోయింది. గోల్‌లో బంతిని కాలితో, ఒంటితో ఆపే హక్కు ఎవరికీ లేకుండా ఆడాలి. దాంతో ఈ సాహసం ఖరీదు ఇంకా పెరిగింది.

అమెరికా కాలేజీ రింకుల్లో

అమెరికా విశ్వవిద్యాలయాల ఐస్ హాకీ జాతీయ టోర్నమెంటు 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లో మొదలైంది. మొదటి విజేత మిషిగన్. ఎన్‌సీఏఏ సంస్థ దీన్ని నడుపుతుంది. 2003 నుంచి 16 జట్లు ఆడుతున్నాయి. ఆఖరి నాలుగు జట్ల దశను ఫ్రోజెన్ ఫోర్ అని పిలుస్తారు. వృత్తి హాకీ లీగ్ ప్లేఆఫ్‌లలో ఒక జట్టును ఓడించాలంటే ఏడు ఆటల్లో నాలుగు గెలవాలి. కాలేజీ టోర్నమెంటులో ఒక్క ఆట ఓడితే ఇంటికే. పైగా నాలుగేళ్ల చదువుతో ముగిసే అవకాశం అది. చివరి సంవత్సరం ఆటగాడికి మరో ఏడాది ఉండదు. ఆఖరి సెకన్ల గోల్ ఇక్కడ అంత లోతుగా తాకడానికి కారణం ఇదే. బోస్టన్, మినియాపొలిస్, డెట్రాయిట్ ప్రాంతాల్లో చదువుకునే తెలుగు విద్యార్థులకు తమ విశ్వవిద్యాలయంలో ఈ ఆట ఎంత పెద్ద పండుగో తెలుసు.

2002 ఫైనల్ మినెసోటా, మెయిన్ విశ్వవిద్యాలయాల మధ్య సెయింట్ పాల్‌లో జరిగింది. సొంత ఊరి జనం ముందు మినెసోటా 2-3తో వెనుకబడింది. గోల్ కీపర్‌ను బయటికి పిలిచాక, నిమిషంలోపే మిగిలి ఉండగా మ్యాట్ కోల్‌స్కా సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో గ్రాంట్ పొటుల్నీ విజయం అందించాడు. ఆ జట్టులో మినెసోటా రాష్ట్రానికి చెందని ఆటగాడు అతనొక్కడే. 1979 తర్వాత ఆ విశ్వవిద్యాలయానికి అదే మొదటి టైటిల్.

2007 ఫైనల్‌లో మిషిగన్ స్టేట్, బోస్టన్ కాలేజీ 1-1తో సమంగా ఉన్నాయి. ఓవర్‌టైమ్ తప్పదని అందరూ అనుకుంటుండగా, ఇంకా 18.9 సెకన్లు ఉన్నాయనగా జస్టిన్ ఆబ్డెల్‌కేడర్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఖాళీ గోల్‌లో మరొకటి పడి మిషిగన్ స్టేట్ 3-1తో గెలిచింది. ఖాళీ గోల్ సాహసం ప్రతిసారీ ఫలించదనడానికి ఈ ఆటే సాక్ష్యం.

2009 ఏప్రిల్ 11న వాషింగ్టన్‌లో జరిగిన ఫైనల్ ఈ కోవలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయం మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది. చివరి నిమిషం మొదలయ్యేసరికి బోస్టన్ యూనివర్సిటీ మీద 3-1 ఆధిక్యంలో ఉంది. బోస్టన్ కోచ్ జాక్ పార్కర్ గోల్ కీపర్‌ను అప్పటికే పిలిచేశాడు. 59.5 సెకన్లు ఉండగా జాక్ కోహెన్ ఒక గోల్ కొట్టాడు. 17.4 సెకన్లు ఉండగా నిక్ బొనీనో ఇంకోటి కొట్టి 3-3 చేశాడు. 42 సెకన్ల వ్యవధిలో పోయిందనుకున్న ఆట తిరిగొచ్చింది. ఓవర్‌టైమ్‌లో 11 నిమిషాల 47 సెకన్ల దగ్గర కోల్బీ కోహెన్ కొట్టిన షాట్, అడ్డుపడబోయిన మయామీ ఆటగాడికి తగిలి గోల్‌లోకి పోయింది. మయామీ ఆ ఆటలో చివరి నిమిషం దాకా ఏ పెద్ద తప్పూ చేయలేదు. ఎదుటివాళ్లకు ఆరుగురు, తమకు ఐదుగురు ఉన్న కొద్ది సెకన్లే వాళ్ల చేతిలోంచి టైటిల్‌ను లాగేశాయి.

2014 ఏప్రిల్ 10న ఫిలడెల్ఫియాలో జరిగిన సెమీఫైనల్ ఇంకా వింతైనది. మినెసోటా, నార్త్ డకోటా ఎన్నో దశాబ్దాల ప్రత్యర్థులు. 2013లో లీగ్‌లు మారిపోవడంతో ఆ రెండు జట్లూ వేర్వేరు సమూహాల్లో పడ్డాయి. స్కోరు 1-1గా ఉన్నప్పుడు మినెసోటాకు శిక్ష పడింది. ఒక ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. సాధారణంగా అలాంటప్పుడు తక్కువ మంది ఉన్న జట్టు పక్‌ను దూరంగా కొట్టి కాలం గడిపేస్తుంది. మినెసోటా మాత్రం చివరి సెకన్లలో దాడికి దిగింది. డిఫెండర్ జస్టిన్ హోల్ కొట్టిన పక్ గోల్‌లో పడేసరికి గడియారంలో మిగిలింది 0.6 సెకను. ఆ సీజన్‌లో హోల్‌కు అదే మొదటి గోల్. మినెసోటా 2-1తో ఫైనల్‌కు వెళ్లింది, అక్కడ యూనియన్ కాలేజీ చేతిలో 4-7తో ఓడింది.

2018లో నోటర్‌డామ్ జట్టు ఇలాంటి ముగింపులకే పేరు తెచ్చుకుంది. క్వార్టర్ ఫైనల్‌లో ప్రావిడెన్స్ మీద ఆండ్రూ ఓగిల్‌వీ 27 సెకన్లు ఉండగా గోల్ కొట్టి 2-1తో గెలిపించాడు. సెమీఫైనల్‌లో మిషిగన్ మీద జేక్ ఎవాన్స్ 5.2 సెకన్లు ఉండగా కొట్టి 4-3తో గెలిపించాడు. ఫైనల్‌లో మాత్రం మినెసోటా డులూత్ 2-1తో టైటిల్ ఎత్తుకుపోయింది.

2023 ఏప్రిల్ 8న టాంపాలో జరిగిన ఫైనల్‌లో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం మినెసోటా చేతిలో ఒక గోల్ వెనుకబడింది. 2 నిమిషాల 47 సెకన్లు ఉండగా, కీపర్ బయట ఉన్నప్పుడు కొలిన్ గ్రాఫ్ సమం చేశాడు. ఓవర్‌టైమ్ మొదలైన 10 సెకన్లకే జేకబ్ క్విలన్ గోల్ కొట్టడంతో ఆ చిన్న విశ్వవిద్యాలయానికి మొదటి జాతీయ టైటిల్ దక్కింది.

ఒక్క సెకనుతో మారిన ఒలింపిక్ ఆట

కాలేజీ కుర్రాళ్లు కొట్టిన ఆఖరి సెకను గోల్స్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రభావం చూపినది కాలేజీ టోర్నమెంటులో పడలేదు, ఆట చివర్లోనూ పడలేదు. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా, సోవియట్ యూనియన్ తలపడ్డాయి. సోవియట్ జట్టు ప్రపంచంలోనే మేటి. అమెరికా జట్టులో ఉన్నది దాదాపు అందరూ కాలేజీ ఆటగాళ్లే. కోచ్ హెర్బ్ బ్రూక్స్ కూడా మినెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాడే.

మొదటి భాగం ముగియబోతుండగా సోవియట్లు 2-1తో ముందున్నారు. దూరం నుంచి వచ్చిన ఒక షాట్‌ను సోవియట్ కీపర్ వ్లాదిస్లావ్ ట్రెట్యాక్ ఆపాడు కానీ పక్ వెనక్కి తిరిగింది. విరామం వచ్చేసిందని రక్షకులు వేగం తగ్గించిన క్షణంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆటగాడు మార్క్ జాన్సన్ దాన్ని అందుకుని గోల్‌లో వేశాడు. గడియారంలో అప్పటికి ఒక్క సెకను ఉంది. విరామం తర్వాత సోవియట్ కోచ్ ట్రెట్యాక్‌ను తీసేసి వ్లాదిమిర్ మిష్కిన్‌ను దింపాడు. ఆ కాలపు అత్యుత్తమ కీపర్ మిగతా ఆట మొత్తం బెంచీ మీదే కూర్చున్నాడు. బోస్టన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన కెప్టెన్ మైక్ ఎరుజియోనీ మూడో భాగంలో గోల్ కొట్టగా అమెరికా 4-3తో గెలిచింది. ఈల వినేదాకా ఆడటం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి కోచ్‌లు ఇప్పటికీ ఈ గోల్‌నే చూపిస్తారు.

భారత హాకీలో ఆ చివరి నిమిషాలు

భారత హాకీకి చివరి నిమిషం చాలాకాలం పీడకల. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పోలండ్‌తో ఆఖరి లీగ్ ఆట అందులో మరువలేనిది. గెలిస్తే భారత్ సెమీఫైనల్‌కు వెళ్తుంది. ధన్‌రాజ్ పిళ్లైతో పాటు హైదరాబాద్‌కు చెందిన ఫార్వర్డ్ నందనూరి ముకేశ్ కుమార్ ఆ జట్టులో ఉన్నాడు. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా తర్వాత అతనికి అది మూడో ఒలింపిక్స్. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ అతను ఆడాడు. దిలీప్ తిర్కీ గోల్‌తో భారత్ 1-0 ఆధిక్యం సాధించింది. రెండు నిమిషాలైనా మిగలని సమయంలో పోలండ్ సమం చేసింది. ఆట 1-1తో ముగియడంతో సెమీఫైనల్ బెర్తు దక్షిణ కొరియాకు పోయింది. అదే కొరియా ఆ తర్వాత రజతం గెలిచింది. అప్పటికే ఒలింపిక్ పతకం చూడక 20 ఏళ్లవుతున్న భారత హాకీకి ఆ గోల్ తగిలించిన గాయం ఎంత పెద్దదో చెప్పనలవి కాదు. అర్జున పురస్కారం, 2003లో పద్మశ్రీ అందుకున్న ముకేశ్ కుమార్‌కు ఒలింపిక్ పతకం మాత్రం దక్కలేదు.

2014 ప్రపంచ కప్‌లో బెల్జియంతో మొదటి ఆట 2-2 డ్రాగా ముగుస్తుందనగా, 15 సెకన్లు ఉన్నప్పుడు బెల్జియం ఆటగాడు జాన్ జాన్ డోమెన్ గోల్ కొట్టాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆగస్టు 8న జర్మనీతో ఆట 1-1గా సాగుతుండగా క్రిస్టఫర్ రూర్ సరిగ్గా 3 సెకన్లు ఉన్నప్పుడు గోల్ చేసి భారత్‌ను ఓడించాడు. మూడు రోజుల తర్వాత నెదర్లాండ్స్ మీద 1-2తో వెనుకబడిన భారత్‌కు చివరి క్షణాల్లో వరుసగా ఐదు పెనాల్టీ కార్నర్లు వచ్చాయి. ఒక్కటీ గోల్ కాలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో మలేసియా 59వ నిమిషంలో పెనాల్టీ కార్నర్‌తో సమం చేసి, షూటౌట్‌లో 7-6తో గెలిచింది. డిఫెండింగ్ చాంపియన్ భారత్ కాంస్యంతో సరిపెట్టుకుంది.

ఇన్నిసార్లు అదే చోట దెబ్బ తినడం జట్టుకు పాఠం నేర్పింది. శారీరక దారుఢ్యం మీద, చివరి క్వార్టర్‌లో బంతిని తమ దగ్గరే ఉంచుకునే ఆట మీద పని జరిగింది. ఫలితం 2021 ఆగస్టు 5న టోక్యోలో కనిపించింది. కాంస్య పతక పోరులో 1-3 నుంచి పుంజుకుని భారత్ 5-4తో జర్మనీ మీద ముందుంది. 6.8 సెకన్లు ఉండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది. హూటర్ మోగినా ఆ కార్నర్ చెల్లుతుంది. లూకాస్ విండ్‌ఫెడర్ వేసిన ఫ్లిక్‌ను గోల్ కీపర్ పీఆర్ శ్రీజేష్ ఆపాడు. 1980 మాస్కో తర్వాత 41 ఏళ్లకు భారత హాకీకి ఒలింపిక్ పతకం వచ్చింది. 2024 పారిస్‌లో అదే నిమిషం భారత్‌కు చుట్టమైంది. న్యూజిలాండ్ మీద కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ 59వ నిమిషంలో పెనాల్టీ స్ట్రోక్‌తో 3-2 గెలుపు ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత అర్జెంటీనా మీద మళ్లీ 59వ నిమిషంలోనే పెనాల్టీ కార్నర్‌ను గోల్ చేసి 1-1తో గట్టెక్కించాడు. ఆ ఒలింపిక్స్‌లోనూ భారత్ కాంస్యం గెలిచింది.

మహిళల జట్టుకు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఇదే పరీక్ష ఎదురైంది. ఆ జట్టులో కెప్టెన్ సవితతో పాటు రెండో గోల్ కీపర్ చిత్తూరు జిల్లాకు చెందిన ఎతిమరపు రజని. ఆగస్టు 7న కాంస్య పోరులో సలీమా టెటె గోల్‌తో 1-0 ఆధిక్యంలో ఉన్న భారత్, ఆఖరి అర నిమిషంలో న్యూజిలాండ్‌కు గోల్ ఇచ్చింది. గెలుపు చేజారినట్టే అనిపించింది. షూటౌట్‌లో సవిత గోల్‌కు అడ్డుగోడలా నిలవడంతో భారత్ 2-1తో గెలిచి 16 ఏళ్ల తర్వాత కామన్వెల్త్ పతకం అందుకుంది. ఆఖరి సెకన్లలో గోల్ పోయిన జట్టు వెంటనే తేరుకోవడం ఎంత కష్టమో తెలిసినవారికే ఆ కాంస్యం విలువ తెలుస్తుంది.

గడియారం న్యాయం చేయాలంటే

ఫలితం సెకనులో భాగం మీద ఆధారపడినప్పుడు కొలత కచ్చితంగా ఉండాలి. ఐస్ హాకీలో గోల్ వెనుక రెండు దీపాలుంటాయి. గోల్ పడితే ఎర్ర దీపం, కాలం ముగిస్తే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆకుపచ్చ దీపం వెలిగాక ఎర్ర దీపం వెలగకుండా ఏర్పాటు ఉంటుంది. పెద్ద పోటీల్లో గోల్ పైన ఉన్న కెమెరా దృశ్యాన్ని గడియారంతో జతచేసి, పక్ గీత దాటిన క్షణాన్ని పరిశీలించి తీర్పు ఇస్తారు. 0.6 సెకను ముందు పడిన హోల్ గోల్ లాంటివి కంటితో తేల్చగలిగేవి కావు.

కొలత తప్పితే ఏమవుతుందో అదే బర్మింగ్‌హామ్‌లో భారత మహిళల సెమీఫైనల్ చూపింది. ఆస్ట్రేలియాతో ఆట 1-1 కావడంతో షూటౌట్ జరిగింది. షూటౌట్‌లో ఒక్కో క్రీడాకారిణికి 8 సెకన్ల సమయం. ఆస్ట్రేలియా మొదటి ప్రయత్నాన్ని సవిత ఆపింది. కానీ గడియారం మొదలుకాలేదంటూ దాన్ని మళ్లీ వేయించారు, ఈసారి గోల్ పడింది. భారత్ ఆ షూటౌట్‌లో 0-3తో ఓడింది. అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఆ తర్వాత క్షమాపణ చెప్పింది. ఆటగాళ్లకు చివరి సెకను దాకా పోరాడమని చెప్పే క్రీడకు, ఆ సెకన్లను తప్పు లేకుండా కొలవవలసిన బాధ్యత కూడా ఉంది.

చివరి నిమిషానికి సాధన

మంచి జట్లు ఆఖరి నిమిషాన్ని ఒక ప్రత్యేక దశగా తీసుకుని సాధన చేస్తాయి. ఐస్ హాకీలో కీపర్ లేకుండా ఆరుగురితో దాడి చేయడానికి వేరే వ్యూహాలుంటాయి: ఆటను మళ్లీ మొదలుపెట్టే ఫేస్‌ఆఫ్‌లో పక్ ఎవరు గెలవాలి, ఎవరు గోల్ ముందు నిలబడి కీపర్ చూపును అడ్డుకోవాలి, ఎవరు దూరం నుంచి కొట్టాలి అన్నవి ముందే నిర్ణయమై ఉంటాయి. జట్టుకు ఉండే ఒకే ఒక టైమ్ అవుట్‌ను చాలామంది కోచ్‌లు ఈ సెకన్ల కోసమే దాచుకుంటారు. మైదానం హాకీలో ఇదే శ్రద్ధ పెనాల్టీ కార్నర్ మీద ఉంటుంది. బంతిని లోపలికి తోసేవారు, ఆపేవారు, డ్రాగ్ ఫ్లిక్ వేసేవారు రోజుకు వందలసార్లు అదే పని చేస్తారు. రక్షించే జట్టులో కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ గీత వెనుక ఉంటారు. వాళ్లలో ఒకరు నేరుగా ఫ్లిక్ వేసేవారి మీదికి పరుగెత్తి బంతికి ఎదురు నిలుస్తారు.

ఆధిక్యంలో ఉన్న జట్టు నేర్చుకోవలసింది ఇంకా ఎక్కువ. బంతిని గుడ్డిగా దూరం కొట్టకుండా మూలకు తీసుకెళ్లి నిలుపుకోవడం, గోల్ ముందున్న డి ఆకారపు వలయం లోపల కర్ర జాగ్రత్తగా ఉంచుకోవడం, అనవసరమైన ఫౌల్‌తో కార్డు తెచ్చుకుని పది మందితో మిగలకుండా చూసుకోవడం ఇందులో ముఖ్యం. భారత జట్టు రియోలో పోగొట్టుకున్నదీ, టోక్యోలో నిలబెట్టుకున్నదీ ఈ పనుల దగ్గరే. మయామీ జట్టు 2009లో 60 సెకన్లపాటు ఇవే చేయలేక టైటిల్ కోల్పోయింది.

హాకీ కర్ర పట్టే ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ ఈ ఆటలన్నీ నేర్పే పాఠం స్పష్టంగా ఉంది. మొదటి నిమిషంలో పడిన గోల్, ఆఖరి సెకనులో పడిన గోల్ స్కోరు బోర్డు మీద సమానమే. అలసిన కాళ్లతో, ఉద్రిక్తతలో కూడా సరైన పని చేసే అలవాటు ఉన్న జట్టుకే ఆ రెండోది ఎక్కువగా దక్కుతుంది. ఆ అలవాటు సాధనలో వస్తుంది, సాధన మొదలయ్యేది పాఠశాల మైదానంలోనే.